పిలవని పండగ

లెస్కోవాట్స్,
18 సెప్టెంబరు 1983

స్తోయాంకా వదినా,

మీరు వియన్నా నుంచి పంపిన కాఫీ పొట్లం అందింది. ఇక్కడ కాఫీ దొరికిందన్న పుకారు పుడితే చాలు, కొట్టు ముందు వరస వీధి చివరిదాకా పోతుంది. అందుకే కిటికీలన్నీ మూసి దొంగలా కాచుకున్నాను. అయినా కింది అంతస్తులో ఉండి, ఫ్యాక్టరీలోనూ నా పక్కనే కుట్టే రోసా ముక్కు సామాన్యమైనది కాదు. తలుపు కొట్టి, "రుజిత్సా, మీ ఇంట్లో ఏదో పాపం జరుగుతోంది" అంది. ఒక కప్పు ఇచ్చి నోరు మూయించాను.

ఊరంతా మిరపకాయలు కాలుతున్న వాసన. మీ మేనమామ సవా రెండు బస్తాలు దించి వెళ్లాడు. అవి నడవాలో అడ్డంగా ఉన్నాయి. పిల్లలు వాటి మీంచి దూకుతూ బడికి పోతున్నారు. ఎర్ర పచ్చడి పెట్టాలి, టమాటాలు సీసాలకెత్తాలి, కట్టెలు తెప్పించాలి. పగలంతా ఫ్యాక్టరీలో చొక్కాల కాలర్లు కుట్టడం ఎలాగూ ఉంది. మీ తమ్ముడు ఇరాక్ నుంచి రాశాడు. వంతెన పని సాగుతోందట, వేసవి దాకా సెలవు లేదట, అక్కడ ఆకాశం చాలా అందంగా ఉందట. ఆకాశం చూసే తీరిక ఉన్నందుకు సంతోషం.

పోయిన వారం ఫ్యాక్టరీలో మాకు ఉపన్యాసం పెట్టారు. ఉద్యోగం చేసే తల్లులు పనులు ఎలా చక్కబెట్టుకోవాలో చెప్పడానికి బెల్‌గ్రేడ్ నుంచి ఒకాయన దిగాడు. బోర్డు మీద నాలుగు గళ్లు గీసి, మీ పనులన్నీ వీటిలో సర్దుకోండి అన్నాడు. రోసా లేచి, "కామ్రేడ్, తమరి చొక్కా ఎవరు ఇస్త్రీ చేశారు?" అంది. "మా ఆవిడ" అన్నాడు. "ఆవిడ దాన్ని ఏ గడిలో వేసుకుందో కనుక్కున్నారా?" హాలంతా గొల్లున నవ్వింది. ఆయన గళ్లు తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాడు. కానీ ఆ నవ్వులతో నా బస్సు తప్పిపోయింది. నేను వెళ్లేసరికి చిన్నది యస్నా బాలవాడి గడప మీద కోటు వేసుకుని ఒక్కతే కూర్చుని ఉంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

వంటింటి తలుపుకి పనుల కాగితం ఒకటి అంటించాను. నిజం చెప్పనా? చేసేసిన పనులు కూడా రాసి కొట్టేస్తుంటాను, ఆ గీత గీసే సుఖం కోసం. నిన్న "పాలు కాచాలి" అని రాసి వెంటనే కొట్టేశాను. నెవెనా చూసి, "ఊపిరి తీసుకోవడం కూడా రాసుకోమ్మా, మర్చిపోతావు" అంది. పదకొండేళ్లకే ఆ నోరు. అచ్చం మీ పోలికే.

మీ మరదలు,
రుజిత్సా


వియన్నా,
27 సెప్టెంబరు

అమ్మాయ్ రుజిత్సా,

నా పోలికైతే అదృష్టవంతురాలే, బతకనేరుస్తుంది.

మిరపకాయలు బస్తాల్లో ఉంచకు, కుళ్లుతాయి. నడవాలో గుడ్డ పరిచి ఆరబొయ్యి. కాల్చాక మూతపెట్టి మగ్గనియ్యి, అప్పుడు తొక్క దానంతటదే వస్తుంది. పచ్చడి అడుగంటకుండా ఆపకుండా కలుపు. పోయినేడు నువ్వు పంపిన సీసాలో మాడు వాసన తగిలింది, అప్పుడు చెప్పలేదు. కిటికీ సందులకి పాత ఉన్ని గుడ్డలు కూరు. యస్నాకి ఉన్ని లోదుస్తులు ఇప్పుడే కొను, చలి పడ్డాక దొరకవు. కట్టెలవాడు తడి కట్టెలు అంటగడతాడు, రెండు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి చూడు, ఖంగుమనాలి.

మన ఇంటి పునీతుడి పండగ, మన స్లావా, మిత్రోవ్‌దాన్ దగ్గరికొచ్చేస్తోంది. నవంబరు ఎనిమిది మంగళవారం పడింది, ఉపవాసం కాదు, కాబట్టి పంది మాంసం చేసుకోవచ్చు. తెరలు ముందు వారమే ఉతుకు. ప్రసాదానికి మంచి గోధుమలు ఇప్పటినుంచే చూసి పెట్టు. రొట్టె మీద పిండి పువ్వులు ఉండాలి, పోయిన నాన్నకి ఇష్టం. స్లావాకి మనం ఎవరినీ పిలవం కాబట్టి ఎందరొస్తారో ఆ దేవుడికే ఎరుక. పిలవని పేరంటానికి వెళ్లడం ఇంకెక్కడైనా తప్పు, మన దగ్గర స్లావాకి పిలవడమే తప్పు. కాబట్టి ఎక్కువే వండు. మిగిలితే పరవాలేదు, చాలకపోతే పరువు పోతుంది.

నా సంగతి ఏముంది! ఐదంతస్తుల మెట్లు తుడుస్తాను, కింది గదిలో పడుకుంటాను. ఎదురొచ్చినవాళ్లు "శుభోదయం" అంటారు. నాకు చెబుతున్నారో మెట్లకి చెబుతున్నారో తెలియదు. మొగుడు పోయాక ఈ గది కాస్త పెద్దదైంది, అంతే.

గోధుమల మాట మరవకు.

స్తోయాంకా


లెస్కోవాట్స్,
8 అక్టోబరు

వదినా,

మీ ఉత్తరాన్ని తలుపు మీది నా కాగితం పక్కన అంటించాను. రెండూ అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి, మీది కాస్త పెద్దది.

పోయిన శనివారం పచ్చడి పొయ్యి మీద ఉండగా కరెంటు పోయింది. మా వైపు వీధులకి సాయంత్రం పూట కోత. వంటకి నాది కరెంటు పొయ్యి, కట్టెలు గది వెచ్చదనానికే. రోసా వాళ్ల కట్టెల పొయ్యి దగ్గరికి ఆ గిన్నె మోసుకుని మూడంతస్తులు చీకట్లో దిగాను. కలుపుతుండగా నెవెనా పరుగెత్తుకొచ్చి, "యస్నా ఒళ్లు కాలిపోతోందమ్మా" అంది. గిన్నె రోసాకి వదిలి మళ్లీ ఎక్కాను. పిల్లకి పొంగు. వారం రోజులు ఫ్యాక్టరీకి పోలేదు. మా సెక్షన్ పెద్ద, "నీ పిల్లలకి జబ్బులు భలే వంతుల వారీగా వస్తాయే" అన్నాడు. పచ్చడి మాడింది. ఈసారి ముందే చెబుతున్నాను, మీకు వాసన వెతుక్కునే పని తప్పుతుంది.

ఈ ఏడాది స్లావా చెయ్యను. మీ తమ్ముడు లేడు, రొట్టె కొయ్యడానికి ఇంట్లో మగదిక్కు లేదు. వచ్చినవాళ్లకి వడ్డించి, నిలబడి, నవ్వి, గిన్నెలు తోమి, మర్నాడు పొద్దున్నే మిషన్ ముందు కూర్చునే ఓపిక నాకు లేదు. రోసాకి చెప్పేశాను. ఫ్యాక్టరీలోనూ చెప్పేశాను. కాగితం మీద "మిత్రోవ్‌దాన్" అని రాసి ఉంటే కొట్టేశాను. చెయ్యకుండానే కొట్టేసిన మొదటి పని అదే.

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా "ఎలా ఉన్నావు" అన్న రెండు మాటలు కనబడలేదు. కట్టెలు ఖంగుమంటున్నాయో లేదో అడిగారు, నా గురించి అడగలేదు. ఈ ఇంట్లో పని చేసే చేతులు ఉన్నాయని మీకు గుర్తుంది. వాటికి ఒక మనిషి తగిలించి ఉందని గుర్తు లేదు.

రుజిత్సా


వియన్నా,
19 అక్టోబరు

రుజిత్సా,

యుద్ధంలో జర్మన్లు మన వీధిలో తిరుగుతుండగా కూడా నాన్న మిత్రోవ్‌దాన్ కొవ్వొత్తి వెలిగించాడు. గోధుమలు లేకపోతే మొక్కజొన్న ఉడికించింది అమ్మ. తలుపు తీసే ఉంచారు. ఆ కొవ్వొత్తి ఒక్క ఏడాది కూడా ఆరలేదు. ఇప్పుడు నీకు గిన్నెలు తోమడానికి బద్ధకమై ఆరబోతోంది.

కోడలిగా వచ్చినదానివి, అది నీ పుట్టింటి దీపం కాదు, నీకెలా తెలుస్తుంది? స్లావా కొడుకులకే దక్కుతుంది; నేను ఆడపిల్లని, ఆ ఇంటి స్లావా నాతో రాలేదు. నాకే ఉండి ఉంటే మోకాళ్ల మీద పాకుతూనైనా చేసేదాన్ని.

చెయ్యకపోతే మానుకో. సవా మామకి ఏం చెబుతావో నువ్వే చెప్పుకో.

స్తోయాంకా


లెస్కోవాట్స్,
29 అక్టోబరు

స్తోయాంకా వదిన గారికి,

మీ ఇంటి స్లావా జరుగుతుంది. గోధుమలు కొన్నాను, అక్రోట్లు కొట్టాను. పంది మాంసానికి సంతలో ఒక పల్లెవాడికి చెప్పి పెట్టాను. తెరలు ఉతికాను. మంగళ, బుధవారాలు సెలవు పెట్టాను. రొట్టె కోసం ఈస్టు దాచి పెట్టాను. తెల్లవారుజామునే చర్చికి తీసుకెళ్లి దీవెన చేయించుకొస్తాను. రొట్టె నెవెనా పట్టుకుంటుంది, నేను కోస్తాను. మగవాళ్లు లేరని రొట్టె తెగకుండా ఉండదు.

చెయ్యనని ముందు అందరికీ చెప్పిన మాట నిజమే. ఇప్పుడు పోయి "చేస్తున్నాను" అని చెబితే పిలిచినట్టే అవుతుంది. మీ ఇంట్లో పిలవడం తప్పని మీరే నేర్పారు. కాబట్టి ఎవరికీ చెప్పలేదు. వచ్చేవాళ్లు ఏటా వచ్చినట్టే వస్తారు.

నా బద్ధకం గురించి ఇంకేమైనా చెప్పాలనుకుంటే పండగయ్యాక రాయండి. అంతదాకా చదివే తీరిక లేదు.

రుజిత్సా


వియన్నా,
30 అక్టోబరు

రుజిత్సా తల్లీ,

నీ నుంచి జవాబు ఇంకా రాలేదు. రాకపోవడమే సబబు, నేను అలా రాసి ఉండకూడదు.

నిన్న మూడో అంతస్తు పిల్ల మెట్లెక్కుతోంది. చంకలో బిడ్డ, చేతుల్లో సంచులు. రెండో మలుపులో సంచి తెగి బంగాళాదుంపలు దొర్లిపోయాయి. ఆ పిల్ల మెట్ల మీదే కూలబడింది. నేను పైనుంచి చీపురు పట్టుకుని, "తడి ఆరలేదు, అక్కడ కూర్చోకు" అని అరిచాను. అరిచాక నా గొంతు నాకే వినబడింది. నీకు రాసిన ఉత్తరాలన్నీ అదే గొంతు. కిందికి దిగి దుంపలేరి ఇంటిదాకా మోసిచ్చాను. ఆ పిల్ల నా పేరు అడిగింది. ఈ మెట్ల మీద ఇన్నేళ్లలో మొదటిసారి ఒకరు నా పేరు అడిగారు.

నువ్వు స్లావా మానుకో. మంచి పని చేశావు. ఆ రోజు పిల్లల్ని పంపేసి పడుకో. నువ్వు మొహమాటపడతావని నీకు చెప్పకుండానే ఒక పని చేశాను. సవా మామకి, మీ పెళ్లికి సాక్షి నిలబడ్డ ద్రాగుటిన్‌కి పొద్దున్నే ఎక్స్‌ప్రెస్ తపాలాలో రాసేశాను. "ఈ ఏడాది రుజిత్సాని ఎవరూ కదపకండి. పలకరింపుకని కూడా వెళ్లకండి, వెళితే ఆ పిల్ల లేచి వండుతుంది. అందరికీ చెప్పండి" అని. సవా మామ చెబితే ఊరికి టముకు వేసినట్టేగా!

ఎలా ఉన్నావమ్మా? జ్వరం తగ్గిందా యస్నాకి? ఇక్కడ ఒకటో తారీకు చుట్టూ సెలవులు, ఉత్తరం ఆలస్యం కావచ్చు.

నీ వదిన,
స్తోయాంకా


లెస్కోవాట్స్,
9 నవంబరు

వదినా,

నిన్న మిత్రోవ్‌దాన్. ఎలా జరిగిందో మీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను. మీ మీద కోపం ఉంది, అయినా మీకే రాస్తున్నాను.

పొద్దున చర్చి నుంచి వచ్చేసరికి ఇల్లు వెలిగిపోతోంది. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచాం. మధ్యలో గోధుమ ప్రసాదం, రొట్టె, ఎర్ర వైను పెట్టి కొవ్వొత్తి వెలిగించాను. పొయ్యిలో మాంసం, పళ్లేల్లో మూడు రకాల తీపి. రొట్టె మీద పిండి పువ్వులు పెట్టాను, మీ నాన్నగారికి ఇష్టమని. నా కాగితం మీద పనులన్నీ కొట్టేసి ఉన్నాయి, అన్నీ నిజంగా చేసినవే. తలుపు తీసి ఉంచాను. ఇంటివాళ్లు కూర్చోకూడదు కాబట్టి గుమ్మం పక్కన నిలబడ్డాను.

మధ్యాహ్నం దాటింది. ద్రాగుటిన్ ఏటా మొదట వస్తాడు కదా, రాలేదు. సవా మామ రాలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడినప్పుడల్లా యస్నా ప్రసాదం గిన్నె, చెంచా పట్టుకుని ఎదురెళ్లింది. అడుగులు పై అంతస్తుకి పోయాయి. రోసా పల్లెకి వెళ్లింది, ఈ ఏడాది మా ఇంట్లో పండగ లేదు కదా అని. మీ తమ్ముడు ఉంటే వచ్చేవాళ్లా అనిపించింది. వాళ్లు ఇన్నేళ్లూ ఆయన ఇంటికి వచ్చారు, నా ఇంటికి కాదు అనిపించింది. ఇంత చేస్తే ఎవరికి చేశాను?

సాయంత్రం కరెంటు పోయింది. ఇంట్లో ఆ కొవ్వొత్తి ఒక్కటే వెలుగు. నెవెనా నా ఏప్రన్ పట్టుకుని, "ఎవరూ లేరు కదమ్మా, కూర్చో" అంది. "కూర్చోకూడదే" అన్నాను. "మేం చుట్టాలం అనుకో, అయితే" అని ఇద్దరూ కోట్లు వేసుకుని బయటికెళ్లి తలుపు కొట్టారు. "స్లావా శుభాకాంక్షలు, ఇంటావిడ గారూ!" అని లోపలికొచ్చారు. ప్రసాదం పెట్టాను. వడ్డించాను. యస్నా అచ్చం సవా మామలా పొట్ట నిమురుకుని, "మాంసం కాస్త గట్టిపడింది, అయినా తినొచ్చు" అంది. నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ వంటింట్లోకి పోయి ఏడ్చాను, వాళ్లకి వినబడకుండా కుళాయి తిప్పాను.

మాంసమంతా అలాగే ఉంది. రేపు ఫ్యాక్టరీలో ఎవరికి పంచను? పంచితే ఎవరూ రాలేదని తెలుస్తుంది.

రుజిత్సా


వియన్నా,
19 నవంబరు

తల్లీ,

ఈపాటికి నా ముప్పయ్యో తారీకు ఉత్తరం నీకు చేరే ఉంటుంది. వాళ్లు నిన్ను వదిలేసి కాదు రానిది. నేను రావద్దన్నాను. నువ్వు చేస్తున్నానని రాసిన ఉత్తరం నాకు పండగ దాటాకే అందింది. నీకు మేలు చేద్దామనుకుని నీ గుమ్మానికి అడ్డంగా పడుకున్నాను. సవా మామకి మళ్లీ రాశాను, నిజం చెప్పాను. నన్ను తిట్టుకో. నీకు ఆ హక్కు ఉంది.

ఒక్క మాట చెప్పనీ. నేను నీకు పనులు ఎందుకు చెబుతానో నాకు ఇన్నాళ్లూ తెలియదు, నీ ఉత్తరం చదివాక తెలిసింది. తెరలు ఉతుకు అని రాసేటప్పుడు నేను ఆ కిటికీ దగ్గర నిలబడతాను. పచ్చడి కలుపు అని రాస్తే నా చేతిలో గరిట ఉంటుంది. ఇక్కడ నేను ఊడ్చే మెట్లు ఒక్కటీ నావి కావు. నీకు పని చెప్పినంతసేపే నాకు ఒక ఇల్లుంది. ఎలా ఉన్నావు అని అడిగితే నువ్వూ నన్ను అడుగుతావు, దానికి జవాబు రాయాల్సి వస్తుంది. అందుకే అడగలేదు.

నువ్వు చేసే పని ఎంత బరువో నాకు తెలుసు. నా సుఖం కోసం దాని మీద ఇంకాస్త వేశాను. ఇక వెయ్యను. ఈ ఉత్తరంలో నీకు ఏ పనీ లేదు. ఇక ముందు కూడా ఉండదు.

పిల్లలకి ముద్దులు.

స్తోయాంకా


లెస్కోవాట్స్,
4 డిసెంబరు

వదినా,

మీ ముప్పయ్యో తారీకు ఉత్తరం పండగైన మూడు రోజులకి వచ్చింది. చదివి చించేశాను. తర్వాత ముక్కలు ఏరి సొరుగులో వేశాను. చాలా కోపం వచ్చింది. అప్పుడే జవాబు రాసి ఉంటే మనిద్దరం ఇంకో పదేళ్లు మాట్లాడుకునేవాళ్లం కాదు. అదృష్టవశాత్తూ రాసే తీరిక దొరకలేదు. ఇన్ని పనులుండటం వల్ల జరిగిన మేలు ఇదొక్కటే.

మొన్న ఆదివారం సవా మామ వచ్చాడు. టోపీ తీసి చేతుల్లో నలుపుతూ గుమ్మంలోనే నిలబడ్డాడు. "తప్పు మాది కాదే పిల్లా, ఆ వియన్నా పిల్లది" అన్నాడు. ఏభై దాటిన మీరు ఆయనకి ఇంకా పిల్లే. పెట్టడానికి ఇంట్లో బీన్సు సూపు తప్ప ఏమీ లేదు. అదే పెట్టాను. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. నేను ఎదురుగా కూర్చుని తిన్నాను. పండగ కాదు కాబట్టి కూర్చోవచ్చు కదా. ఆయన వెళ్లాక గిన్నెలు అలాగే వదిలేసి యస్నా పక్కన పడుకున్నాను. ఆ రోజు కాగితం మీద చాలా పనులు మిగిలిపోయాయి, ఇప్పటికీ ఉన్నాయి.

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. నేను బాగా లేను. అలసిపోయాను. సాయంత్రాలు పిల్లలు పడుకున్నాక ఈ ఇంట్లో నాతో మాట్లాడే గొంతు లేదు. మీకు ఎలా ఉంది? జవాబు రాయాల్సి వస్తుందని భయపడ్డారు కదా, రాయండి.

మీ పంతొమ్మిదో తారీకు ఉత్తరం అటూ ఇటూ తిరగేసి చూశాను. ఏ పనీ చెప్పలేదు, మాట నిలబెట్టుకున్నారు. చదువుతుంటే ఇంట్లోంచి ఎవరో లేచి వెళ్లిపోయినట్టు అనిపించింది.

పోయిన నెల క్యాబేజీ ఉప్పులో వేసి పీపాకెత్తాను. నీళ్ల మీద తెల్లగా తెట్టు కడుతోంది, ఆకులు మెత్తబడుతున్నాయి. ఏం చెయ్యాలో రోసాకి తెలుసు, కానీ ఆమెని అడగలేదు. మీరు రాయండి. మీ ఉత్తరం వచ్చేదాకా ఆ పీపా ముట్టుకోను.

మీ
రుజిత్సా